చందమామ మచ్చను చదివిన బస్రా పండితుడు

ముర్గాబ్‌లో ఇంటికి డబ్బు పంపడానికి ఎక్స్ఛేంజి కౌంటర్ ముందు నిలబడినప్పుడు ఇరాక్ పది వేల దినార్ల నోటు ఎప్పుడైనా మీ కంటపడిందా? 2003లో వచ్చిన ఆ నోటు మీద తలపాగా చుట్టుకున్న ఒక గడ్డం పెద్దాయన బొమ్మ ఉంటుంది. చూసిన వెంటనే ఏ ఖలీఫానో, ఏ సేనాపతో అనుకుంటాం. ఆయన రాజూ కాదు, యోధుడూ కాదు. వెలుతురు ఎలా ప్రయాణిస్తుంది, కంటికి ఎలా చేరుతుంది, చేరేటప్పుడు ఏ కబురు మోసుకొస్తుంది అని జీవితాంతం తరచి చూసిన పండితుడు. పేరు అల్ హసన్ ఇబ్న్ అల్ హైథమ్. ఐరోపా వాళ్లు ఆ పేరు తిప్పుకోలేక అల్‌హాజెన్ అన్నారు.

965 ప్రాంతంలో బస్రాలో పుట్టాడు. మనం ఉండే కువైట్ సిటీకి బస్రా సుమారు 130 కిలోమీటర్లు. అబ్దలీ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే, సరిహద్దు దాటాక వచ్చే పెద్ద ఊరు అదే. ఖర్జూరం తోటలు, ఓడరేవు, పండితుల వాదోపవాదాలతో ఆ రోజుల్లో అది పేరున్న నగరం.

నేను ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 తర్వాత ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అదే ప్రశ్న అడుగుతున్నాడు. దిగి తవ్వి చూస్తే సరే, దిగకుండానే చంద్రుడి మీద ఏ ఖనిజం ఉందో ఎలా చెబుతారు సార్ అని. గ్రహశకలాల మీద రాయి ఏమిటో భూమ్మీద కూర్చుని చెప్పేస్తున్నారు కదా, అది ఊహా, లెక్కా అని. రిమోట్ సెన్సింగ్ అని ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. నేను మాత్రం ఈ బస్రా ఆయనతో మొదలుపెడతాను. పిల్లలకు కథ కావాలి, ఈయన జీవితంలో కథకు కొదవ లేదు.

ఆ కథ మన గల్ఫ్ కథలాగే మొదలవుతుంది. ఉన్న ఊళ్లో ఉండగానే పరాయి దేశంలో పెద్ద ప్రాజెక్టు ఉందన్న కబురు. ఈజిప్టులో నైలు నది ఏటా పొంగుతుంది, తర్వాత ఎండుతుంది. పొంగితే వరద, పొంగకపోతే కరువు. ఆ నీటిని ఏడాది పొడుగునా అదుపులో పెట్టే మార్గం తనకు తట్టిందని బస్రాలో ఇబ్న్ అల్ హైథమ్ అన్నాడట. ఆ మాట కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హకీమ్ చెవిన పడింది. ఖలీఫా ఆయన్ని రప్పించుకుని, నగరం బయటికి ఎదురువచ్చి మరీ స్వాగతం పలికాడని చరిత్రకారుడు ఇబ్న్ అల్ ఖిఫ్తీ రాశాడు. మనుషుల్ని, సామాన్లని ఇచ్చి దక్షిణానికి పంపాడు.

ఆయన నైలు వెంట అస్వాన్ దాకా పోయాడు. దారి పొడుగునా పాత ఈజిప్టు రాజుల కట్టడాలు కనిపించాయి. అంత తూకంగా, అంత లెక్కగా రాయి పేర్చినవాళ్లు నదికి అడ్డం కట్టగలిగితే వదిలేవారా అన్న ఆలోచన అక్కడే వచ్చిందంటారు. అస్వాన్ దగ్గర జలపాతాల ప్రాంతం చూశాక తేలిపోయింది, అప్పటి పనిముట్లతో అది కాని పని. అదే అస్వాన్ దగ్గర పెద్ద డ్యామ్ పూర్తయింది 1970లో. అంటే స్థలం ఎంపికలో ఆయన తప్పేమీ పోలేదని నాకనిపిస్తుంది. సిమెంటు, డైనమైటు, క్రేన్లు రావడానికి ఇంకా తొమ్మిది వందల ఏళ్లు పట్టింది, అంతే.

తిరిగొచ్చి కాదు అని చెప్పాలి. ఎవరికి? అల్ హకీమ్‌కి. కుక్కలు మొరుగుతున్నాయని వాటిని చంపించినవాడు, కోపం వస్తే మంత్రుల తలలే తీయించినవాడు అని ఆయనకు పేరు. మొదట ఖలీఫా ఏమీ అనలేదు, ఏదో దఫ్తరులో ఉద్యోగం వేశాడు. ఆ ఉద్యోగంలో ఎన్నాళ్లు తల నిలుస్తుందో తెలియక, ఇబ్న్ అల్ హైథమ్ మతి తప్పినట్టు నటించాడని ఖిఫ్తీ కథనం. ఆస్తి స్వాధీనం చేసుకుని, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి, ఇంట్లోనే కట్టడి చేశారు. 1021లో అల్ హకీమ్ ఒక రాత్రి కొండల్లోకి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఆ తర్వాతే ఈయన పిచ్చి కుదిరింది.

ఈ కథ రాసిన ఖిఫ్తీ ఆయన తర్వాత రెండు వందల ఏళ్లకు బతికినవాడు. అదే కాలపు ఇంకో రచయిత ఇబ్న్ అబీ ఉసైబియా మరో మాట కూడా చెబుతాడు. పిచ్చి నటన బస్రాలోనే మొదలైందని, ప్రభుత్వ కొలువు తప్పించుకుని చదువుకోవడానికే ఆ వేషం వేశాడని. ఇప్పటి చరిత్రకారులు ఈ కథల్ని కొంచెం ఉప్పు చల్లుకునే వింటారు. అన్ని కథల్లోనూ మారని సంగతి ఒకటుంది. ఆయన కొలువు వద్దనుకున్నాడు, చదువు కావాలనుకున్నాడు. దాని కోసం పరువు పోయినా ఫర్వాలేదనుకున్నాడు.

బయటపడ్డాక అల్ అజ్హర్ మసీదు పక్కన ఒక గదిలో ఉన్నాడు. బతుకుతెరువు చేతిరాత. ఏడాదికి మూడు పుస్తకాలకు నకళ్లు రాసేవాడు: యూక్లిడ్ రేఖాగణితం, టాలమీ ఖగోళ గ్రంథం, ఆ రెంటికీ నడుమ చదివే పాఠాల సంపుటి. వాటికి 150 ఈజిప్టు దినార్లు వచ్చేవి. ఏడాది ఖర్చు దానితోనే వెళ్లిపోయేది. బేరం లేదు, పెంపు లేదు. మిగతా సమయమంతా తన సొంత రాతకు. బస్రాకు తిరిగి పోయి స్థిరపడలేదు. 1040 ప్రాంతంలో కైరోలోనే కన్నుమూశాడు.

ఆ గదిలో, అంతకు ముందు కట్టడిలో ఆయన చేసిన పనేమిటన్నది అసలు విషయం. ఏడు భాగాల పెద్ద పుస్తకం, కితాబ్ అల్ మనాజిర్. కంటి నుంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకితే చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలమీల మాట. అది తప్పని, వస్తువు మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరి, అందులో కొంత కంటికి చేరితేనే చూపు అని ఆయన నిలబెట్టాడు. మాటలతో కాదు. చీకటి గది, గోడకు చిన్న రంధ్రం, బయట వరసగా దీపాలు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలకు అన్ని వెలుతురు చుక్కలు. ఒక దీపానికి అడ్డం పెడితే దాని చుక్క ఒక్కటే పోతుంది. రంధ్రంలో అన్ని వెలుతుర్లూ కలిసే వస్తున్నా ఒకదానిలో ఒకటి కలిసిపోలేదన్నమాట. ఇది నా తరగతిలో అట్టపెట్టెతో, రెండు మొబైల్ లైట్లతో చేయిస్తాను. పది నిమిషాల పని. మీ ఇంట్లో పిల్లలతో చేసి చూడండి.

ఇక చంద్రుడు. దాని మీద ఆయన రాసినవాటిలో రెండు చిన్న పుస్తకాలు నాకు మరీ ఇష్టం. ఒకటి చంద్రుడి వెలుగు గురించి. సూర్యుడి కాంతి చంద్రుడి మీద పడి మనకు వస్తుందని అప్పటికే తెలుసు. ఎలా వస్తుందన్నదే ప్రశ్న. అద్దంలా తిప్పికొడుతుందా? ఎండలో బోర్లించిన స్టీలు గిన్నెను చూడండి. గిన్నె అంతా ఒకేలా వెలగదు. ఒక్క చోట చుక్కలా సూర్యుడు తళుక్కుమంటాడు. చంద్రుడు నున్నటి అద్దపు బంతి అయితే మనకూ అలాంటి చుక్క ఒక్కటే కనిపించాలి. ఇబ్న్ అల్ హైథమ్ చీలిక ఉన్న పలక ఒకటి తయారుచేసి, దాని గుండా చంద్రబింబంలో కొంత కొంత భాగాన్నే చూస్తూ, వెలుగుతున్న ప్రతి చోటు నుంచీ కాంతి వస్తోందని చూపించాడు. కాబట్టి చంద్రుడు అద్దం కాదు. గోడ లాంటిది, రాయి లాంటిది. పడిన వెలుతురును తనలోకి తీసుకుని, తన తీరున అన్ని దిక్కులకూ వదులుతుంది.

తన తీరున అన్న మాట దగ్గరే రెండో పుస్తకం మొదలవుతుంది. చంద్రుడి ముఖం మీది మచ్చ ఏమిటి?

మనకు అది కుందేలు. శశాంకుడు అన్న పేరే అందుకు వచ్చింది. మా అవ్వ మాత్రం రాట్నం తిప్పే ముసలమ్మ అనేది, ఆ విషయంలో మా తాతతో వాదన కూడా ఉండేది. అప్పటి పండితులకూ తలో మాట ఉంది. చంద్రుడికీ మనకూ మధ్య ఏదో అడ్డం ఉందని కొందరు. భూమ్మీది సముద్రాలు, కొండలు చంద్రుడిలో అద్దంలోలా ప్రతిబింబిస్తున్నాయని కొందరు. చంద్రుడి మీది ఎత్తుపల్లాల నీడలని ఇంకొందరు.

ఆయన ఒక్కో వాదాన్నీ పట్టుకుని, నిజమైతే ఇంకేం జరగాలి అని అడిగాడు. మధ్యలో ఏదో అడ్డం ఉంటే వేరువేరు ఊళ్ల నుంచి చూసేవాళ్లకు మచ్చ వేరువేరు చోట్ల కనిపించాలి. అలా కనిపించదు. బాగ్దాద్‌లోనూ, కైరోలోనూ అదే మచ్చ, అదే చోట. భూమి ప్రతిబింబమైతే చంద్రుడు ఆకాశంలో కదిలేకొద్దీ ఆకారం మారాలి. మారదు. నీడలైతే సూర్యుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వచ్చేసరికి నీడ కూడా పక్క మార్చాలి. మచ్చ మార్చదు. అన్నీ కొట్టేశాక మిగిలింది ఒకటే. మచ్చ చంద్రుడి ఒంట్లోదే. ఆ చోట పదార్థం తీరు వేరు, అందుకే అది వెలుతురును తీసుకునే, వదిలే తీరు వేరు.

ఆ కాలంలో ఈ మాట ఎంత బరువైనదో చెప్పాలి. ఆకాశంలోని వస్తువులన్నీ మచ్చలేని, మార్పులేని ఒకే దివ్య పదార్థంతో చేసినవని అరిస్టాటిల్ వారసుల నమ్మకం. చంద్రుడిలో ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఉందంటే ఆ నమ్మకానికి అక్కడ చిన్న బీట పడ్డట్టే. ఆయన ఖనిజాల పేర్లు చెప్పలేదు, చెప్పగలిగే కాలమూ కాదది. కానీ వచ్చే వెలుతురులో తేడా ఉంటే, పంపే పదార్థంలో తేడా ఉన్నట్టే అన్న వాక్యంలోనే ఈనాటి రిమోట్ సెన్సింగ్ విత్తనం ఉందని నేను పిల్లలకు చెబుతాను.

ఆ విత్తనం ఎలా చెట్టయిందో మన వంటింట్లోనే చూపించవచ్చు. మనవాళ్లు చాలామంది ఊళ్లో కట్టుకున్న ఇళ్లలో, గల్ఫ్ నుంచి అమెరికా దాకా ఎన్నో వంటింటి గట్ల మీద, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ కనిపిస్తుంది. అది ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. ఆ బంగారు మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది, పైరాక్సీన్ కుటుంబంలోది. పైరాక్సీన్‌లో ఉండే ఇనుము, కంటికి కనిపించని పరారుణ కాంతిలో దాదాపు 1 మైక్రాన్, 2 మైక్రాన్ల దగ్గర వెలుతురును మింగేస్తుంది. తిరిగొచ్చిన కాంతిని రంగురంగులుగా విడదీసి గీత గీస్తే, ఆ రెండు చోట్లా గుంటలు పడతాయి. ఆలివిన్ అనే ఖనిజానికైతే 1 మైక్రాన్ దగ్గర వెడల్పాటి గుంట, 2 దగ్గర ఏమీ ఉండదు. నీటికి, దాని చుట్టం హైడ్రాక్సిల్‌కు 3 మైక్రాన్ల దగ్గర గుంట. వేలిముద్రల్లాంటివివి. రాయి మీ వంటింట్లో ఉన్నా, 20 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నా గుంట పడేది అక్కడే.

1970లో థామస్ మెకార్డ్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు వెస్టా అనే గ్రహశకలం నుంచి వచ్చే వెలుతురును ఇలాగే విడదీసి చూశారు. పైరాక్సీన్ గుంట స్పష్టంగా కనిపించింది. భూమ్మీద పడిన ఒక రకం ఉల్కారాళ్లతో అది సరిపోయింది. 2011లో డాన్ నౌక వెస్టా చుట్టూ తిరిగి ఆ మాటను ఖాయం చేసింది. ఇటోకావా అనే చిన్న గ్రహశకలం విషయంలో ఇంకా గట్టి పరీక్ష జరిగింది. దూరం నుంచి కాంతి చూసి ఇది ఫలానా రకం ఉల్కారాయి లాంటిదని ముందే అంచనా వేశారు. జపాన్ నౌక హయబుసా అక్కడి ధూళిని 2010లో భూమికి తెచ్చింది, అంచనా నిజమైంది. తరగతిలో ఊహా, లెక్కా అని అడిగిన పిల్లవాడికి నేను చెప్పే జవాబు ఈ ధూళి.

చంద్రుడి మచ్చ సంగతీ తేలింది. నల్లగా కనిపించేవి ఎప్పుడో లావా పొంగి గడ్డకట్టిన బసాల్ట్ మైదానాలు, ఇనుము, పైరాక్సీన్ ఎక్కువ. 1969లో అపోలో 11 దిగిందీ అలాంటి మైదానంలోనే, తెచ్చిన రాళ్లలో టైటానియం కూడా బాగా ఉంది. తెల్లటి చోట్లు అనార్థోసైట్ అనే లేతరంగు రాతి ఎత్తులు. అదే జాతి రాయి తమిళనాడులో సిత్తంపూండి దగ్గర దొరికితే, దాన్ని పొడిచేసి మన ఇస్రో వాళ్లు చంద్రుడి మట్టికి నకలుగా వాడుకున్నారు. శ్రీహరికోట నుంచి 2008 అక్టోబర్ 22న ఎగిరిన చంద్రయాన్-1లో నాసా ఇచ్చిన మూన్ మినరాలజీ మ్యాపర్ అనే పరికరం ఉంది. అది చంద్రుడి వెలుతురును వందల రంగుల్లో విడదీసింది. 3 మైక్రాన్ల దగ్గరి గుంట దొరికింది. చంద్రుడి నేల మీద నీటి జాడ ఉందని 2009 సెప్టెంబర్‌లో ప్రకటించారు. బొట్టు నీరు తాకకుండా, తిరిగొచ్చిన ఎండను చూసి చెప్పిన మాట అది.

మాది రైల్వే కోడూరు వైపు. పక్కనే మంగంపేటలో ముగ్గురాయి గనులు, అదే బెరైటీస్, ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురద బరువెక్కడానికి కలిపేది ఈ రాతి పొడినే. మా ఊరివాళ్లం పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కు వచ్చినట్టే మా ఊరి రాయికీ చమురు బావులతో చుట్టరికం ఉంది. దాన్ని కనుక్కోవడానికైతే పార, పలుగు పట్టుకున్న మనుషులు కావలసి వచ్చారు. వెస్టాకు పలుగు తీసుకుపోయే వీలు లేదు కనుక వెలుతురే పలుగు.

ఇబ్న్ అల్ హైథమ్ అన్నీ సరిగ్గా చెప్పాడని నేననను. నక్షత్రాల వెలుగు మీద రాసిన పుస్తకంలో ఆయన గ్రహాలు కూడా సొంత వెలుగుతోనే వెలుగుతాయన్నాడు. సూర్యుడి వెలుగే అయితే చంద్రుడిలా అవీ నెలవంకలా తరగాలి కదా, అలా కనిపించవు కదా అని తర్కం. తర్కం సరైనదే, కంటికే శక్తి చాలలేదు. 1610లో గెలీలియో టెలిస్కోపు పెట్టి చూస్తే శుక్రుడు అచ్చం నెలవంకలా తరుగుతూ, పెరుగుతూ కనిపించాడు. ఆయన అడిగిన పరీక్షే ఆయన మాటను కొట్టేసింది. తాను టాలమీకి చేసింది కూడా అదే. టాలమీ మీద సందేహాలు అనే పేరుతో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంత పెద్దవాణ్ణి నకలు రాసి బతుకుతూనే తప్పుపట్టాడు!

ఆ పుస్తకాల ప్రయాణం కూడా వినదగ్గదే. 1200 ప్రాంతంలో కితాబ్ అల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లింది. రోజర్ బేకన్ చదివాడు, కెప్లర్ చదివాడు. 1572లో బాసెల్‌లో అచ్చయింది. అరబీలో మాత్రం చాలాకాలం చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయింది. చంద్రుడి వెలుగు మీద రాసిన చిన్న పుస్తకం అరబీలో అచ్చయింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్‌లో. 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ పాత అరబీ గ్రంథాలను వెతికి వెతికి అచ్చువేసేది. హిజ్రీ 1357లో, అంటే 1938-39లో, ఆయన చిన్న పుస్తకాలు ఎనిమిదింటిని ఒక సంపుటిగా వేసింది. అంతకు కొన్నేళ్ల ముందే, ఆయన పెద్ద గ్రంథానికి కమాలుద్దీన్ అల్ ఫారిసీ రాసిన వ్యాఖ్యానాన్నీ అచ్చువేసింది. ఉస్మానియా క్యాంపస్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లామో, ఆ సంస్థ అక్కడ ఉందని మనలో ఎందరికి తెలుసు?

ఇక మూల గ్రంథం. దాని మొదటి మూడు భాగాల అరబీ పాఠాన్ని అబ్దుల్ హమీద్ సబ్రా అనే పండితుడు చేతిరాత ప్రతులు పోల్చి పరిష్కరించాడు. దాన్ని 1983లో అచ్చువేసింది కువైట్ ప్రభుత్వ సంస్థే, సంస్కృతి, కళలు, సాహిత్యాల జాతీయ మండలి. నాలుగు, ఐదు భాగాలు కూడా 2002లో ఇక్కడి నుంచే వచ్చాయి. బస్రాలో పుట్టి కైరోలో రాసిన మనిషి, చంద్రుడి సంగతి హైదరాబాద్‌లో, చూపు సంగతి కువైట్‌లో అచ్చు చూసుకున్నాడన్నమాట. షాబ్‌లోని షేక్ అబ్దుల్లా అల్ సాలెమ్ కల్చరల్ సెంటర్‌కు పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు అక్కడి అరబిక్ ఇస్లామిక్ సైన్స్ మ్యూజియంను, స్పేస్ మ్యూజియంను ఒకే రోజు చూడండి. ఒకటి వదిలి ఒకటి చూస్తే సగమే.

ఆయన పేరుతో గ్రహశకలం ఒకటుంది, నంబరు 59239. చంద్రుడి మీద ఒక బిలం కూడా ఉంది, అల్‌హాజెన్, అడ్డంగా సుమారు 33 కిలోమీటర్లు. చలికాలంలో ముత్లా వైపు టెంట్లు వేసుకునేవాళ్లు అమావాస్య తర్వాత మూడో నాలుగో రోజు సాయంత్రం పడమటికి చూడండి. నెలవంక వెలిగే అంచు దగ్గర గుండ్రటి నల్ల మచ్చ ఒకటి విడిగా కనిపిస్తుంది, దాన్ని మేర్ క్రిసియం అంటారు. చిన్న టెలిస్కోపు ఉంటే ఆ మచ్చకూ చంద్రుడి అంచుకూ మధ్య వెతకండి.